పరాయి ఆఫీసులో నేర్చిన పని



బీటెక్, బీఆర్క్, ఎమ్మెస్సీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈమధ్య తరచుగా వినబడే మాట ఒకటుంది: విదేశంలో ఇంటర్న్‌షిప్. రెండు మూడు నెలలైనా సరే, జర్మనీలోనో కెనడాలోనో ఒక ప్రయోగశాలలో పనిచేసి వస్తే మంచి భవిష్యత్తుకు దారి పడుతుందని పిల్లల ఆశ. టికెట్టు, వీసా, గది అద్దె అన్నీ కలిపితే ఎంతవుతుందోనని తల్లిదండ్రుల దిగులు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఇవాళ ఒక్క ప్రశ్న తీసుకుని మీతో మాట్లాడాలనుకుంటున్నాను. చిన్న వయసులో పరాయి దేశంలో, పని తెలిసినవాళ్ల దగ్గర కొంతకాలం పనిచేస్తే ఒక మనిషి వృత్తి జీవితం మారుతుందా? మారితే దేనివల్ల మారుతుంది?

దీనికి జవాబు చెప్పగల జీవితం ఒకటి మన దేశంలోనే ఉంది. ఆయన పేరు బాలకృష్ణ విఠల్‌దాస్ దోషి. ఆర్కిటెక్టులకు ప్రపంచంలో ఇచ్చే అత్యున్నత పురస్కారం ప్రిట్జ్‌కర్ బహుమతి. 2018లో దాన్ని అందుకున్న తొలి భారతీయుడు ఆయన.

దోషి 1927లో పుణెలో పుట్టారు. వాళ్లది కుర్చీలు, బల్లలు, బీరువాలు చేయించే కుటుంబం. బొంబాయిలోని జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో వాస్తుశిల్పం చదవడం మొదలుపెట్టి, పై చదువు కోసం లండన్ వెళ్లారు. 1951 వేసవిలో లండన్‌కు దగ్గర్లో ఉన్న హాడ్స్‌డన్ అనే ఊళ్లో ఆధునిక వాస్తుశిల్పుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. దోషి అక్కడికి వెళ్లారు. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు నిండలేదు.

అప్పటి పరిస్థితి కాస్త గుర్తు చేసుకోవాలి. దేశ విభజనతో లాహోరు పాకిస్తాన్‌కు పోయింది. మన పంజాబుకు శాశ్వత రాజధాని లేదు. చండీగఢ్ అనే కొత్త నగరం కట్టాలని నిర్ణయించి, ఆ పని పారిస్‌లో ఉండే లె కార్బూజియెకు అప్పగించారు. ఆయన అప్పటికే ప్రపంచమంతా పేరు మోసిన వాస్తుశిల్పి. మన దేశానికి కొత్త నగరం కడుతున్నారని మహాసభలో విన్న దోషి, ఆ ఆఫీసులో తనకు పని దొరుకుతుందా అని అడిగారు. సొంత దస్తూరీతో దరఖాస్తు రాసి పంపమన్నారు. పంపారు. జవాబు వచ్చింది. రావచ్చు, కానీ ఎనిమిది నెలల పాటు జీతం ఉండదు.

దోషి వెళ్లారు.

పారిస్‌లో ర్యూ ద సెవ్ర్ అనే వీధి. అక్కడ 35వ నంబరు భవనం. పూర్వం అది క్రైస్తవ సన్యాసుల మఠం. అందులోని ఒక పొడవాటి, ఇరుకైన వరండానే లె కార్బూజియె ఆఫీసు. వరసగా డ్రాయింగ్ బల్లలు. వాటి ముందు ఎన్నో దేశాల నుంచి వచ్చిన కుర్రవాళ్లు. లె కార్బూజియె ఉదయం పూట ఇంట్లోనే బొమ్మలు వేసుకుని, మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చేవారు. ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్లి గీసినదాన్ని చూసి, దిద్ది, చర్చించేవారు. దోషికి ఫ్రెంచి రాదు. గురువుగారి ఇంగ్లిషు అంతంత మాత్రం. అందుకని ఇద్దరి మధ్యా చాలావరకు పెన్సిలే మాట్లాడింది. శాకాహారి కావడంతో తిండికీ ఇబ్బందే. రొట్టె, చీజు, ఆలివ్ కాయలతో రోజులు గడిపారు. జీతం లేని ఆ ఎనిమిది నెలల తర్వాత కూడా ఆయన అక్కడే ఉన్నారు. మొత్తం మీద 1951 నుంచి 1954 దాకా.

ఇంతకీ ఆ బల్ల ముందు కూర్చుని ఆయన నేర్చుకున్నదేమిటి? ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటర్న్‌షిప్ మనిషిని మార్చేది ఈ వివరాల్లోనే.

మొదటిది కొలత. లె కార్బూజియె భవనాలను మనిషి ఒంటి కొలతతో లెక్కించేవారు. 183 సెంటీమీటర్ల మనిషి చెయ్యి పైకెత్తితే 226 సెంటీమీటర్లు. ఆ లెక్క నుంచి గది ఎత్తు, కిటికీ ఎత్తు, కూర్చునే అరుగు ఎత్తు తేలుస్తారు. ఈ సంగతి పుస్తకంలోనూ చదువుకోవచ్చు. కానీ ఒక మెట్టు ఎత్తు ఎంతుండాలా అని గురువు ఒక మధ్యాహ్నమంతా తర్జనభర్జన పడుతుంటే పక్కన నిలబడి చూసినవాడికి ఆ లెక్క చేతికి అలవాటవుతుంది.

రెండోది ఎండ. చండీగఢ్‌కీ, అహ్మదాబాద్‌కీ భవనాలు గీస్తున్నది ఆ పారిస్ వరండాలోనే. మన ఎండ యూరప్ ఎండ లాంటిది కాదు. గోడ ముందు కాంక్రీటు పలకలను ఏటవాలుగా నిలబెట్టి, గాలి వచ్చేలా, ఎండ రాకుండా చేసే పద్ధతిని ఆ ఆఫీసులో ఎంతో శ్రద్ధగా రూపొందించారు. అహ్మదాబాద్‌లోని మిల్లు యజమానుల సంఘం భవనం చూసినవాళ్లకు అది తెలుస్తుంది. దాని పడమటి ముఖం వీధి వైపు, తూర్పు ముఖం సబర్మతి నది వైపు. పడమటి ఎండను ఆపే పలకలు ఒక తీరున ఉంటాయి, నది వైపు పలకలు ఇంకో తీరున ఉంటాయి. ఏ దిక్కుకు ఆ జవాబు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ప్రపంచంలో అంతటి పేరున్న మనిషి తను గీసినదాన్ని తనే కొట్టేసి మళ్లీ మొదటి నుంచి గీయడం దోషి కళ్లారా చూశారు. పెద్దవాళ్ల పని పూర్తయ్యాక చూస్తే మనకు భయమేస్తుంది, అది మన వల్ల కాదనిపిస్తుంది. వాళ్ల చిత్తుప్రతులు చూస్తే ధైర్యం వస్తుంది. ఇంటర్న్‌గా వెళ్లిన కుర్రవాడికి దొరికే అసలైన సంపద ఆ చిత్తుప్రతుల్ని చూసే అవకాశమేనని నా గట్టి నమ్మకం.

1954లో దోషి మన దేశానికి తిరిగి వచ్చారు. గురువు అహ్మదాబాద్ భవనాల పర్యవేక్షణ ఆయనకు అప్పగించారు. ఆయన శిక్షణలో రెండో సగం ఇక్కడ మొదలైంది. పారిస్‌లో గీసిన గీత అహ్మదాబాద్‌లో గోడ కావాలి. ఇక్కడి తాపీమేస్త్రీ వేరు, ఇటుక వేరు, సెంట్రింగు చెక్క వేరు, వానాకాలం వేరు. కాగితం మీద సరిపోయింది ఇక్కడ సరిపోకపోతే అక్కడికక్కడ నిర్ణయం తీసుకోవాలి. విదేశంలో నేర్చిన విద్యకు పరీక్ష జరిగింది సొంత నేల మీద.

1956లో ఆయన సొంత ఆఫీసు పెట్టుకున్నారు. మొదట్లో కట్టిన భవనాల్లో గురువు ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తర్వాత మెల్లమెల్లగా చూపు మన ఊళ్ల వైపు తిరిగింది. గుడి ప్రాకారాలు, పాత నగరాల ఇరుకు సందులు, ముంగిళ్లు, నలుగురూ కూర్చునే అరుగులు ఆయన నమూనాల్లోకి వచ్చాయి. బెంగుళూరు ఐఐఎంకు ఫతేపూర్ సిక్రీని తలపించే వరండాలు, నడవాలు గీశారు. 1980లో అహ్మదాబాద్‌లో కట్టుకున్న తన ఆఫీసు సంగాత్‌ను సగం నేలలోకి దించి, పైన కమాను కప్పులు వేసి, ఆ కప్పుల మీద పగిలిన తెల్ల పింగాణీ ముక్కలు పరిపించారు. ఎండ వెనక్కి మళ్లుతుంది, లోపల చల్లగా ఉంటుంది. ఇందోర్‌లో అరణ్య అనే కాలనీ రూపొందించినప్పుడు పేద కుటుంబానికి పునాది, నీళ్లు, మరుగుదొడ్డి సమకూర్చి, డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా ఒక్కో గది వేసుకునే వీలు కల్పించారు. మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఉద్యోగుల టౌన్‌షిప్‌కు రూపకల్పన చేసినదీ ఆయనే.

1962లో అహ్మదాబాద్‌లో ఆర్కిటెక్చర్ పాఠశాల స్థాపించారు. ఇవాళ సెప్ట్ విశ్వవిద్యాలయంగా పేరుపొందిన సంస్థకు అదే మొదలు. అదే ఏడాది అహ్మదాబాద్ ఐఐఎం భవనాల కోసం అమెరికా నుంచి లూయీ కాన్‌ను రప్పించడంలో ఆయనది ముఖ్య పాత్ర. పారిస్‌లో తనకు దొరికినది ఇక్కడి పిల్లలకు ఇక్కడే దొరకాలని ఆయన తాపత్రయం. దశాబ్దాల తర్వాత ప్రిట్జ్‌కర్ బహుమతి ప్రకటించినప్పుడు కూడా, ఇది నా గురువు లె కార్బూజియె చలవేనన్న భావంతో మాట్లాడారు. 2023 జనవరిలో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ గురువు కూడా ఒకప్పుడు శిష్యుడేనన్న సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. లె కార్బూజియె స్విట్జర్లాండులో ఒక చిన్న ఊరి కుర్రవాడు. ఇరవై ఏళ్లు దాటిన కొత్తలో పారిస్ వెళ్లి, ఆగస్త్ పెరే అనే వాస్తుశిల్పి ఆఫీసులో పనిచేశారు. ఇనుప చువ్వల కాంక్రీటును ఇళ్లకు వాడటంలో పెరే ఆద్యుల్లో ఒకరు. తర్వాత కొన్ని నెలలు జర్మనీలో పీటర్ బేరెన్స్ దగ్గర పనిచేశారు. కాంక్రీటు మీద ఆయనకు జీవితాంతం ఉన్న మక్కువకు మొదలు ఆ తొలి ఆఫీసుల్లోనే ఉంది. దోషి కన్నా చాలా ముందే, 1928లో, జపాన్ నుంచి కునియో మయెకావా అనే యువకుడు లె కార్బూజియె పారిస్ ఆఫీసులోనే చేరారు. రెండేళ్లు పనిచేసి టోక్యో తిరిగి వెళ్లి, కొన్నాళ్లకు సొంత ఆఫీసు పెట్టారు. ఆ ఆఫీసులో పని నేర్చుకున్న కెంజో టాంగే తర్వాత హిరోషిమా శాంతి స్మారకాన్ని నిర్మించారు. పారిస్‌లో పెరే దగ్గర మొదలైన విద్య టోక్యోకి, అహ్మదాబాద్‌కి, అక్కడి నుంచి హైదరాబాద్‌కి కూడా చేరింది. ఇలా చేయి మారుతూ పోయే విద్య ఏ ఒక్క దేశానికీ సొంతం కాదు.

అహ్మదాబాద్ పేరు ఎత్తాం కాబట్టి అదే నగరానికి చెందిన ఇంకో మహానుభావుడి సంగతి కూడా చెప్పాలి. విక్రమ్ సారాభాయ్. 1960ల మొదట్లో కేరళలోని తుంబాలో రాకెట్ ప్రయోగ కేంద్రం పెట్టాలనుకున్నప్పుడు మన దగ్గర రాకెట్టును చేత్తో తాకిన ఇంజినీరు లేడు. సారాభాయ్ కొద్దిమంది యువ ఇంజినీర్లను ఎంపిక చేసి అమెరికాలో నాసాకు శిక్షణకు పంపారు. వాళ్లలో అబ్దుల్ కలాం ఒకరు, అరవముదన్ ఒకరు. నాసా గొడార్డ్ కేంద్రంలోనూ, వర్జీనియా తూర్పు తీరాన అట్లాంటిక్ ఒడ్డునున్న వాలప్స్ ద్వీపంలోనూ రాకెట్టు విడిభాగాలు కూర్చడం, రాడార్‌తో వెంబడించడం, రాకెట్టు పంపే సంకేతాలను అందుకోవడం నేర్చుకున్నారు.

వాళ్లు వెళ్లింది ఊరికే చూసి రావడానికి కాదు. ఫలానా తేదీకి ఫలానా రాకెట్టు ఎగరాలి, అందులో నీ వంతు పని ఇది, అది నేర్చుకుని రా అని పంపారు. తిరిగి వచ్చాక రాకెట్టు కూర్పు, భద్రత కలాం చూసుకున్నారు. రాడార్, సంకేతాల పని అరవముదన్ చూసుకున్నారు. తుంబాలో వాళ్లకు ఆఫీసుగా దొరికింది మేరీ మగ్దలీన్ చర్చి. 1963 నవంబరు 21న నైకి అపాచీ రాకెట్టు ఎగిరింది. ఆ రోజు రాకెట్టును పైకెత్తే హైడ్రాలిక్ క్రేను లీకయితే, అందరూ కలిసి చేతులతోనే ఎత్తి నిలబెట్టారు. వాలప్స్‌లో నేర్చిన విద్యకు తుంబాలో తోడైనది ఆ తెగువ.

తర్వాతి కథ మన తెలుగు నేల మీద జరిగింది. వాలప్స్ లాగే తూర్పు తీరంలో, సముద్రం మీదుగా రాకెట్లు ఎగరడానికి వీలున్న ద్వీపం కావాలి. శ్రీహరికోటను ఎంపిక చేశారు. ఇప్పుడది తిరుపతి జిల్లాలో ఉంది. 1980 జులై 18న అక్కడి నుంచే ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు కలాం. ఆ తర్వాతి సంవత్సరాల్లో శ్రీహరికోట కేంద్రానికి డైరెక్టరుగా పనిచేసిన వారిలో అరవముదన్ ఉన్నారు. ఇద్దరూ నాసాలో ఉన్నది కొద్ది నెలలే. ఆ కొద్ది నెలల చదువును దశాబ్దాల పని చేసుకున్నారు.

ఈ రెండు కథల్లోనూ ఉన్న సామ్యం గమనించండి. దోషి పారిస్ నగరం కోసం పారిస్ వెళ్లలేదు. చండీగఢ్‌ను రూపొందిస్తున్న మనిషి దగ్గరకు వెళ్లారు. కలాం, అరవముదన్ అమెరికా చూడాలని వెళ్లలేదు. తుంబాలో తమ కోసం ఎదురుచూస్తున్న పని నేర్చుకోవడానికి వెళ్లారు. ఎవరి దగ్గర ఏం నేర్చుకోవాలో ముందే తెలిసిన వాళ్లకు కొద్ది నెలలు చాలు. అది తెలియని వాళ్లకు విదేశంలో రెండేళ్లున్నా ఒక ధ్రువపత్రం, కొన్ని ఫొటోలే మిగులుతాయి.

కాబట్టి ఇంటర్న్‌షిప్ కోసం చూస్తున్న పిల్లలకు ఒక మాట. దేశం పేరు ముందు రాసుకోకండి. మీరు చదివే శాఖలో మీకు నిజంగా ఆసక్తి ఉన్న సమస్య ఏదో రాసుకోండి. దాని మీద ఎవరు పనిచేస్తున్నారో వెతకండి. వాళ్లు రాసిన పత్రాలు రెండైనా చదవండి. ఆ తర్వాతే ఉత్తరం రాయండి. వంద మందికి ఒకే ఉత్తరం పంపితే చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

అవకాశాలున్నాయి. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ అనే పథకం కింద డిగ్రీ విద్యార్థులు అక్కడి విశ్వవిద్యాలయాల్లో 12 వారాలు పరిశోధన చేయవచ్చు. మన దేశపు విద్యార్థులకూ అది తెరిచి ఉంది. సైన్సు, ఇంజినీరింగు విద్యార్థుల కోసం జర్మనీ వారి డీఏఏడీ సంస్థ వైజ్ అనే పథకం నడుపుతోంది. భౌతికశాస్త్రం, కంప్యూటర్లు చదివేవాళ్లకు జెనీవా దగ్గరున్న సెర్న్ ప్రయోగశాలలో వేసవి విద్యార్థి కార్యక్రమం ఉంది. ఎంపికైన వాళ్లకు ఇవన్నీ భత్యం ఇస్తాయి. ఇలాంటి వేసవి కార్యక్రమాలకు దరఖాస్తు గడువు చాలా నెలల ముందే ముగిసిపోతుంది. మార్చిలో గుర్తొస్తే లాభం లేదు. ఏడాది ముందే మొదలుపెట్టాలి.

మీ దగ్గరే లక్షలు కట్టించుకుని ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామనే మధ్యవర్తులు కనిపిస్తారు. మీ పని అవసరమైన చోటు మీకు డబ్బిస్తుంది, లేకపోతే కనీసం మీ దగ్గర తీసుకోదు. సీటు అమ్ముకునే చోట మీకు పని నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. వీసా సంగతి కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. పర్యాటక వీసా మీద వెళ్లి పనిచేస్తే చట్టాన్ని మీరినట్టే. ఆ మచ్చ తర్వాతి దరఖాస్తులన్నిటి మీదా పడుతుంది.

జీతం లేని పని గురించి కూడా మాట్లాడుకోవాలి. దోషి ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేశారని చెప్పాను. ఆయన పట్టుదలకు నమస్కరిస్తాను. కానీ ఆ పద్ధతిని మెచ్చుకోలేను. జీతం లేని చోటికి ఇంట్లో వెసులుబాటు ఉన్నవాళ్లే వెళ్లగలరు. ఎంత ప్రతిభ ఉన్నా కూలీ ఇంటి బిడ్డకు ఆ తలుపు మూసుకునే ఉంటుంది. వాస్తుశిల్ప రంగంలోనే దీని మీద గట్టి చర్చ జరిగింది. 2019లో లండన్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ తన పెవిలియన్ రూపకల్పనను జపాన్ వాస్తుశిల్పి జున్యా ఇషిగామికి అప్పగించింది. ఆయన ఆఫీసులో ఇంటర్న్‌లు జీతం లేకుండా పనిచేస్తున్నారని తెలిసినప్పుడు, ఈ పెవిలియన్ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ జీతం ఇవ్వాల్సిందేనని గ్యాలరీ పట్టుబట్టింది. అది న్యాయమైన నిర్ణయం. నేర్చుకోవడానికి వచ్చినవాడు కూడా అన్నం తినాలి, అద్దె కట్టాలి.

విదేశం వెళ్లే వీలు లేనివాళ్లు నిరాశ పడనక్కర్లేదు. మన సైన్సు అకాడమీలు మూడూ కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తున్నాయి. వాటితో మన దేశంలోని మంచి ప్రయోగశాలల్లో రెండు నెలలు పనిచేయవచ్చు. ఊరు మారాలి, గురువు మారాలి, పని పద్ధతి మారాలి. ఈ మూడూ మారితే బెంగుళూరులోనైనా కోల్‌కతాలోనైనా మనిషి ఎదుగుతాడు.

వెళ్లినవాళ్లు అక్కడ చూసింది ఏ రోజుకారోజు రాసిపెట్టుకోండి. సమావేశంలో ఎవరు ఎవరిని ఎలా ప్రశ్నించారు, తప్పు బయటపడితే ఏం చేశారు, పని ఎలా పంచుకున్నారు, ఇవన్నీ రాయండి. తిరిగి వచ్చాక అక్కడి పద్ధతిని యథాతథంగా ఇక్కడ దించాలని చూడకండి. దోషి గురువు దగ్గర నేర్చుకున్నదాన్ని మన ఎండకు, మన మేస్త్రీకి, మన పేద కుటుంబపు జేబుకు తగ్గట్టు మార్చుకున్నారు. ఆయన గొప్పతనమంతా ఆ మార్పులోనే ఉంది.

చివరిగా, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి ఒక విన్నపం. మీరు పనిచేసే ప్రయోగశాలల్లో, కంపెనీల్లో ఇంటర్న్‌లను తీసుకునే అధికారం మీలో చాలామందికి ఉంది. ఏటా మన ఊళ్ల నుంచి ఒక్క విద్యార్థినైనా, సిఫారసు చూసి కాకుండా ప్రతిభ చూసి, జీతమిచ్చి తీసుకోండి. మీ తెలుగు సంఘాలు ఉత్సవాలకు పెట్టే ఖర్చులో కొంత పక్కన పెట్టి, పేద విద్యార్థి విమాన టికెట్టుకు, గది అద్దెకు నిధి ఏర్పాటు చేయండి. మన కాలేజీల యాజమాన్యాలు కూడా అలాంటి నిధి పెట్టాలి. ఇంటర్న్‌షిప్ చేసి తిరిగి వచ్చిన ప్రతి విద్యార్థీ తన తర్వాతి ఏడాది పిల్లలను కూర్చోబెట్టుకుని తను నేర్చుకున్నది చెప్పాలి. తన కోసం తలుపు తెరుచుకున్న ప్రతివాడూ ఇంకొకరి కోసం దాన్ని తెరిచి ఉంచాలి.